ఆకాశం చూపించమని అడగండి

సంపాదకులకు,
నమస్కారం.

విదేశీ చదువుల గురించి మన పత్రికలో వచ్చే పేజీని నేను వదలకుండా చదువుతాను. మా వీధి నుంచే ఈ ఏడాది నలుగురు పిల్లలు వెళ్ళారు. ఫీజులెంత, బ్యాంకు రుణం ఎలా, వీసాకు ఏ కాగితాలు కావాలి, అన్నీ వివరంగా ఇస్తున్నారు. పెట్టెలో ఏం సర్దుకోవాలో కూడా రాస్తున్నారు: స్వెట్టర్లు, చిన్న ప్రెషర్ కుక్కర్, ఆవకాయ, కందిపొడి. చలికి జాగ్రత్తలు చెప్పారు. చీకటి గురించి మాత్రం నాకు ఒక్క వాక్యమూ కనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం. నవంబరు రాకముందే ఇది తల్లిదండ్రుల కంట పడాలని నా ఆరాటం.

నేను ముప్పై రెండేళ్ళు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. వెలుతురు లేకపోతే మొక్క ఎలా పాలిపోతుందో ఏటా పిల్లల చేత ప్రయోగం చేయించేదాన్ని. మనిషి సంగతి మాత్రం అరవై మూడో ఏట ఫిన్లాండ్ వెళ్ళాకే తెలిసింది.

మా అమ్మాయి, అల్లుడు అక్కడ తాంపెరె అనే ఊళ్ళో ఉంటారు. రెండు పెద్ద సరస్సుల మధ్య ఉన్న ఊరు. సెప్టెంబరు చివర మనవరాలు పుట్టింది. నాకు మూడు నెలల వీసా వచ్చింది. నవంబరు మధ్యలో వెళ్ళి ఫిబ్రవరి మధ్యలో తిరిగి వచ్చాను. అంటే ఏడాది మొత్తంలో పగలు అతి తక్కువగా ఉండే రోజులన్నీ నా వాటాకే వచ్చాయి. డిసెంబరు మూడో వారంలో అక్కడ ఉదయం దాదాపు 9.40కి తెల్లవారుతుంది. మధ్యాహ్నం మూడు దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. ఆ మధ్యలోనైనా మన నెత్తిమీదికి రాడు, చెట్ల కొసల మీదుగా పక్కకు జరిగి వెళ్ళిపోతాడు. అదీ మబ్బు లేని రోజున. అదే రోజు మన విజయవాడలో పదకొండు గంటలకు పైగా పగలు ఉంటుంది. ఆ దేశానికి ఉత్తరపు కొసన ఉన్న ఉత్స్యోకి లాంటి ఊళ్ళలోనైతే నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించనే ఉదయించడు. ఆ కాలానికి వాళ్ళ భాషలో ‘కామోస్’ అని ప్రత్యేకంగా ఒక పేరే ఉంది.

వెళ్ళిన కొత్తలో నేను భయపడింది చలికే. తీరా చూస్తే ఇంట్లో చలే లేదు. మూడు పొరల అద్దాల కిటికీలు, గోడకు వేడినీటి గొట్టాలు, ఎప్పుడూ 21 డిగ్రీలు. కొబ్బరినూనె మాత్రం సీసాలో గడ్డకట్టి ఉండేది. పాపాయి ఒంటికి నువ్వులనూనె రాసేదాన్ని. అంత వెచ్చటి ఇంట్లో ఉండి కూడా మూడు వారాలు తిరిగేసరికి నాకేదో అయింది. పొద్దున పది దాకా మెలకువ రాదు. లేచినా మళ్ళీ పడుకోవాలనిపిస్తుంది. జన్మలో తీపి అడగని మనిషిని, మా అమ్మాయి తెచ్చిపెట్టిన బిస్కెట్లు డబ్బాకు డబ్బా తినేశాను. ఒకరోజు పెరుగు తోడుకోలేదని ఏడ్చాను. నిజంగానే వంటింట్లో నిలబడి, గిన్నె చేతిలో పట్టుకుని ఏడ్చాను. ఇంటి మీద బెంగ అనుకుంది మా అమ్మాయి. నేనూ అదే అనుకున్నాను.

నన్ను బయటికి లాగింది పాపాయి. అక్కడ ప్రతి ప్రాంతానికీ ఒక శిశు ఆరోగ్య కేంద్రం ఉంటుంది. నెలనెలా పాపను తీసుకువెళ్ళాలి. అక్కడి నర్సు బరువు చూసి, డి విటమిన్ చుక్కలు రోజూ వేస్తున్నారా అని అడిగి, తర్వాత చాలా మామూలుగా, “పగటి నిద్ర బయటే కదా?” అంది. నాకు అర్థం కాలేదు. మా అమ్మాయి చెప్పింది: ఇక్కడ పసిపిల్లలను పగలు ఆరుబయట నిద్రపుచ్చుతారమ్మా, మైనస్ 10 దాకా ఫరవాలేదంటారు అని. రెండు నెలల పిల్లను మంచులో పెట్టడమా! నేను ససేమిరా ఒప్పుకోలేదు.

మర్నాడు మా అమ్మాయి నా కళ్ళముందే చేసింది. పాపకు ముందు ఒంటికి అంటుకునే పలుచటి ఉన్ని చొక్కా వేసింది. దానిమీద ఇంకో ఉన్ని జత, దానిమీద సంచిలాంటి బొంత. చెవులు మూసే టోపీ. ముఖం ఒక్కటే బయటికి. పాపాయి బండిని బాల్కనీలోకి నెట్టి, వెలుతురు కనిపించేలా తిప్పి పెట్టింది. నేను కిటికీ వదలకుండా నిలబడ్డాను. పది నిమిషాలకోసారి వెళ్ళి మెడ వెనక వేలు పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది. ముక్కు కొస చల్లగా ఉంది గానీ నల్లబడలేదు, నీలంగా మారలేదు. ఇంట్లో ముప్పావు గంటకే లేచి గుక్కపెట్టే పిల్ల, అక్కడ రెండు గంటల పది నిమిషాలు పడుకుంది. లేచాక నన్ను చూసి నవ్వింది. గత శతాబ్దంలో వాళ్ళ పెద్ద శిశువైద్యుడు ఆర్వో యుల్ప్యో ఈ అలవాటును ప్రోత్సహించారట, రికెట్స్ రాకుండా పిల్లలకు గాలీ వెలుతురూ కావాలని. పాఠంలో నేను ఎన్నోసార్లు చెప్పిన మాటే. డి విటమిన్ లోపం, రికెట్స్, వంకర కాళ్ళ బొమ్మ. మార్కులు రెండు.

ఆ మర్నాటి నుంచి పాపాయి బండితో పాటు నేనూ రోజూ పన్నెండు గంటలకు బయటికి వెళ్ళడం మొదలుపెట్టాను. నడిస్తే బండి కదిలి పాప ఇంకా బాగా పడుకుంటుందని నెపం.

ఒక అబ్బాయి గురించి ఇప్పుడు చెప్పాలి. అతని ఊరూ పేరూ రాయను. కృష్ణా జిల్లా పిల్లవాడు, మాస్టర్స్ చదవడానికి వచ్చాడు, మా అమ్మాయి వాళ్ళ భవనంలోనే కింది అంతస్తులో మరో ఇద్దరితో కలిసి ఉండేవాడు. ఒకరోజు లిఫ్టు దగ్గర ఎదురై “గుడ్‌మార్నింగ్ ఆంటీ” అన్నాడు. అప్పుడు సమయం మూడున్నర. మధ్యాహ్నం మూడున్నర. బయట వీధి దీపాలు వెలుగుతున్నాయి. ఆ పిల్లవాడు అప్పుడే నిద్ర లేచాడు.

ఇంటికి పిలిచి అన్నం పెట్టాను. కొంచెం కొంచెంగా చెప్పాడు. రాత్రి రెండు గంటలకు లేచి ఇళ్ళకు పత్రికలు వేసే పని. ఆరింటికి వచ్చి పడుకుంటాడు. తరగతులు కంప్యూటర్‌లో తర్వాత చూసుకోవచ్చు కదా అని పొద్దున వెళ్ళడం మానేశాడు. లేచేసరికి పొద్దు గూకిపోతుంది. “సూర్యుణ్ణి ఎప్పుడు చూశావు బాబూ?” అని అడిగితే చాలాసేపు ఆలోచించాడు. దీపావళికి అనుకుంటా ఆంటీ అన్నాడు. అప్పటికి డిసెంబరు పది. రెండు పరీక్షలు రాయలేదు. ఇంట్లో మాత్రం బాగా రాశానని చెప్పాడు.

వాళ్ళమ్మగారితో నేను ఫోనులో మాట్లాడాను, అతని అనుమతితోనే. పాపం ఆవిడ, “మా వాడు ఇంత సోమరిగా ఎప్పుడూ లేడండీ. ఏమైనా చెడు స్నేహాలు పట్టాయేమో చూసి చెప్పండి. రోజూ ఫోను చేస్తే తిన్నాను, పడుకున్నాను అంటాడు. తింటున్నాడు, నిద్రపోతున్నాడు, మరి చదవడానికేమిటి?” అన్నారు.

సంపాదకులవారూ, ఇక్కడే మనం పొరబడుతున్నాం. దిగులుతో ఉన్న మనిషికి అన్నం సయించదని, నిద్ర పట్టదని మనకొక లెక్క ఉంది. చీకటి తెచ్చే దిగులు తరచుగా దానికి తలకిందులుగా ఉంటుంది. నిద్ర ఎక్కువవుతుంది. ఆకలి, ముఖ్యంగా తీపి మీద, పిండి వంటల మీద, ఎక్కువవుతుంది. ఒళ్ళు వస్తుంది. మనుషుల్లోకి వెళ్ళబుద్ధి కాదు. అందుకని “తిన్నావా, పడుకున్నావా” అని మనం అడిగే రెండు ప్రశ్నలకూ ఆ బిడ్డ నిజమే చెబుతాడు. మనం నిశ్చింతగా ఫోను పెట్టేస్తాం.

దీనికి వైద్యశాస్త్రంలో పేరుంది. తెలుగులో రుతువును బట్టి వచ్చే కుంగుబాటు అనవచ్చు. 1984లో అమెరికాలో నార్మన్ రోసెంతాల్ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు దీన్ని వివరించి పేరు పెట్టారు. ఆయన దక్షిణాఫ్రికా ఎండల్లో పుట్టి పెరిగి న్యూయార్క్ వచ్చిన మనిషి. అక్కడి శీతాకాలంలో తనలో వచ్చిన మార్పును గమనించడంతోనే ఆయనకు ఈ ఆలోచన మొదలైంది. కంట్లో పడిన పగటి వెలుతురే మన మెదడులోని గడియారాన్ని రోజూ సరిచేస్తుంది. చీకటి పడ్డాక నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోను ఊరుతుంది, తెల్లవారితే తగ్గుతుంది. తెల్లవారడమే తెలియని మనిషికి ఆ గడియారం వెనకబడుతుంది. ఇంట్లో ఎన్ని దీపాలు వేసుకున్నా వెలుతురు కొన్ని వందల లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మాత్రమే. బయట మబ్బు పట్టిన మధ్యాహ్నం కూడా దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. మన ఊళ్ళో ఎండాకాలపు మిట్టమధ్యాహ్నమైతే లక్ష. గదిలో కూర్చున్న కంటికి ఈ తేడా తెలియదు, మెదడుకు తెలుస్తుంది.

ఆ అబ్బాయిని మా అల్లుడు విద్యార్థుల ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాడు. వైద్యుడు చూసి మాట్లాడాడు, రక్త పరీక్ష చేయించాడు, డి విటమిన్ బాగా తక్కువగా ఉందన్నాడు. ఆ అక్షాంశంలో దాదాపు అక్టోబరు నుంచి మార్చి దాకా ఎండ తగిలినా చర్మం ఆ విటమిన్‌ను తయారు చేసుకోలేదు. మన చాయ వాళ్ళకు మిగతా కాలాల్లోనూ ఎక్కువసేపు ఎండ కావాలి. ఫిన్లాండ్‌లో 2003 నుంచి పాలలో డి విటమిన్ కలుపుతున్నారు. ఈ పిల్లలు నల్ల కాఫీ, నూడుల్స్‌తో బతుకుతుంటే ఆ పాలు వాళ్ళకేం ఉపయోగం? పెరుగన్నం తినమని నేను పోరు పెట్టాను. పెరుగు తోడుకోవడానికి కూడా ఒక ఉపాయం దొరికింది లెండి. పాలు తోడువేసి ఓవెన్‌లో పెట్టి, వేడి పెట్టకుండా లోపలి దీపం ఒక్కటే వేసి ఉంచితే పొద్దునకు గడ్డ పెరుగు. మాత్రలు మాత్రం వైద్యుడు చెప్పిన మోతాదులోనే వేసుకోవాలి. ఎక్కువైతే ఈ విటమిన్ ఒంట్లో పేరుకుని హాని చేస్తుంది.

పొద్దున్నే అరగంటసేపు ఎదురుగా కూర్చోవడానికి 10,000 లక్స్ దీపం ఒకటి కొనుక్కోమన్నారు. మామూలు బల్ల దీపం లాంటిదే, పలకలా వెడల్పుగా ఉంటుంది. దాన్నే చూస్తూ ఉండనక్కర లేదు, పక్కన పెట్టుకుని టిఫిను తినవచ్చు. కంటి జబ్బులున్నవాళ్ళు, మానసిక ఆరోగ్యానికి ఇదివరకే మందులు వాడుతున్నవాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా వాడకూడదు. ఆ అబ్బాయి పత్రికలు వేసే పని మాని, వారాంతాల్లో పగటిపూట శుభ్రం చేసే పనికి మారాడు. డబ్బు తగ్గింది. అది నిజం. ఇంటికి ఆ సంగతి చెప్పడానికే అతనికి ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది.

ఇక రోజూ పన్నెండింటికి మాతో నడక. నేను వెళ్ళి తలుపు కొట్టేదాన్ని. మొదటి వారం ముఖం మాడ్చుకుని వచ్చాడు. “పాపాయి బండి నేను నెట్టలేకపోతున్నాను నాన్నా, కాస్త పట్టు” అనేదాన్ని. నిజానికి నెట్టగలను. ఇరుగమ్మ ఒకావిడ, ఎనభై దాటి ఉంటుంది, చేతుల్లో రెండు కర్రలతో చకచకా నడుస్తూ రోజూ మాకు ఎదురయ్యేది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, మాకు వాళ్ళ భాష రాదు. ఒకరోజు మమ్మల్ని ఆపి, నా కోటు జేబుకు ఒక చిన్న మెరిసే బిళ్ళ పిన్నుతో తగిలించింది. రిఫ్లెక్టర్. చీకట్లో నడిచేవాళ్ళు అది పెట్టుకోవాలని అక్కడ చట్టంలోనే ఉంది, కారువాళ్ళకు మనం కనిపించాలి కదా. నల్ల కోటు వేసుకుని తిరిగే మన పిల్లల్లో ఎంతమందికి ఇది తెలుసు?

బట్టల గురించి ఒక్క మాట. మనం ప్రేమగా కొని పంపే మందపాటి నూలు బనియన్లు, నూలు మేజోళ్ళు అక్కడ పనికిరావు. చెమటకు తడిసి, ఆరక, ఒంటిని ఇంకా చల్లబరుస్తాయి. ఒంటికి ఆనుకుని పలుచటి ఉన్ని, దానిమీద మరో పొర, పైన గాలి చొరబడని కోటు. బూట్లు ఒక సైజు పెద్దవి, లోపల గాలి ఆడాలి. జనవరిలో నున్నటి మంచుగడ్డ మీద నడవడానికి అడుగున మేకులున్న బూట్లు అక్కడే దొరుకుతాయి. ఇక్కడ కొని బరువు మోయవద్దు.

చీకటి కాలాన్ని వాళ్ళు కేవలం ఓర్చుకోరు, అలంకరించుకుంటారు. తాంపెరె పెద్ద వీధి హామెన్‌కాటు పొడుగునా శీతాకాలమంతా దీపాల తోరణాలు. కిటికీ కిటికీకీ ఒక దీపం. భవనంలో అందరికీ ఉమ్మడిగా ఒక సౌనా, వారానికొక గంట ఇంటికి ఇంత అని వంతు. మా అమ్మాయి నన్ను తీసుకువెళ్ళింది. చెక్క మెట్ల గది, మూల కాలిన రాళ్ళు, వాటి మీద దోసెడు నీళ్ళు పోస్తే బుస్సుమని ఆవిరి. నాకు చిన్నప్పటి భోగి తలంటు గుర్తుకొచ్చింది. మా అమ్మ నలుగు పెట్టి, కాగులో నీళ్ళు సలసలా కాగుతుంటే పొగలో కూర్చోబెట్టి రుద్దేది. నాకు రక్తపోటు ఉంది కాబట్టి కింది మెట్టు మీదే, ఐదు నిమిషాలే కూర్చున్నాను. ఆ రాత్రి పట్టిన నిద్ర బరువుగా లేదు, హాయిగా ఉంది.

భోగి అక్కడే వచ్చింది. సరస్సు ఒడ్డున అడవిలో ఒకవైపు తెరిచి ఉన్న చెక్క పందిరి, దాని ముందు నెగడు వేసుకునే చోటు ఉంటాయి. కట్టెలు కొట్టి పక్కన కొట్టంలో పెట్టేది మునిసిపాలిటీయే, ఎవరైనా వాడుకోవచ్చు. మైనస్ 12లో ఆరు తెలుగు కుటుంబాలు, పదిమంది విద్యార్థులు చేరాం. మంట వెలిగించింది ఆ అబ్బాయే. రేగిపళ్ళు ఎక్కడ దొరుకుతాయి? ఆ అడవుల్లో కాసే ఎర్రటి లింగన్‌బెర్రీ పళ్ళు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు కలిపి ఇంటికి వచ్చాక పాపాయికి దిష్టి తీసి తలమీద పోశాం. నలుగురూ నవ్వుతుంటే అతనూ నవ్వాడు. నెల రోజుల్లో నేను మొదటిసారి విన్న నవ్వు. పూర్తిగా కోలుకోవడానికి ఇంకా సమయం పట్టింది, వైద్యుడి దగ్గరికి మార్చి దాకా వెళ్ళాడు. వదిలేసిన రెండు పరీక్షలూ వసంతంలో రాశాడు.

అందరికీ ఇలా నడకతో, దీపంతో తీరుతుందని నేను చెప్పను. బతకాలని లేదనే మాట బిడ్డ నోట వస్తే అది తక్షణం వైద్యం కావలసిన విషయం. యూరప్ అంతటా అత్యవసర సాయానికి 112 నంబరుంది. ఇక్కడ తల్లిదండ్రులు ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోను చేసి అడగవచ్చు. పరువు గురించి ఆలోచించకండి.

తమరికి నా విన్నపం ఒకటుంది. ఆ పేజీలో ఫీజుల పట్టిక పక్కనే డిసెంబరులో ఆ ఊళ్ళో పగలు ఎన్ని గంటలో మరో వరుస వేయండి. హెల్సింకి ఆరు గంటలకు తక్కువ, స్టాక్‌హోమ్ ఆరు, ఎడిన్‌బరో ఏడు, ఎడ్మంటన్, డబ్లిన్, బెర్లిన్ ఏడున్నర అటూఇటూ, లండన్ ఎనిమిదికి కాస్త తక్కువ, టొరంటో తొమ్మిది. చూసినవాళ్ళు పిల్లలతో ముందే మాట్లాడుకుంటారు. రాత్రి పని ఒప్పుకునే ముందు ఆ బిడ్డ ఒకసారి ఆలోచిస్తాడు.

తల్లిదండ్రులకు చెప్పదలచింది ఆ అబ్బాయి వాళ్ళమ్మగారు ఇప్పుడు చేస్తున్న పనే. శీతాకాలంలో ఫిన్లాండ్‌లో మధ్యాహ్నం పన్నెండు అయ్యేసరికి మనకు మూడున్నర. ఇంగ్లండ్‌లో పన్నెండంటే మనకు సాయంత్రం ఐదున్నర. టొరంటోలో పన్నెండంటే మనకు రాత్రి పదిన్నర, కాస్త మేలుకుని ఉండాలి. ఆవిడ రోజూ సరిగ్గా మూడున్నరకు వీడియో ఫోను చేస్తారు. గదిలో ఉండి ఎత్తితే ఒప్పుకోరు. “ముందు ఆకాశం చూపించు నాన్నా” అంటారు. అతను ఫోను పైకి తిప్పుతాడు. బూడిదరంగు మబ్బే కనిపించినా సరే, ఇద్దరూ దాన్ని కాసేపు చూసి, ఆ తర్వాతే తిన్నావా అనే మాట.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
తెనాలి.